బాపుకని కొన్న పైలట్ వాచీ

నరేందరన్నా,

బాపుకు ఇచ్చేముందు పెట్టుకొని చూడమని నువ్వు నా హాస్టల్‌కు పంపిన వాచీ బాగుంది. కోచింగ్ క్లాసులో నిమిషానికోసారి టైం చూసుకునే నాకంటే బాగా దాన్ని పరీక్షించేవాళ్లు దొరకరు. యుద్ధవిమానం పైలట్ల వాచీలాగా నల్లటి డయలు, తెల్లటి పెద్ద అంకెలు. అమీర్‌పేట మెట్రోలో వేలాడుతూ కూడా ఒక్క చూపులో టైం తెలుస్తుంది. ఇంత తక్కువ ధరకు ఇది ఎక్కువే. నా మణికట్టుకు మాత్రం పళ్లెం కట్టినట్టుంది.

నిన్న బాపు తన టైలర్ షాపు కోసం లైనింగ్ బట్ట కొనడానికి ఊరి నుంచి వచ్చాడు. పంజగుట్టలో చాయ్ తాగుతూ, సైజు చూద్దామని ఆయన చేతికి కట్టాను.

"ఏం పెద్దాయనా, మిల్ట్రీల చేరినవా?" అన్నాడు చాయ్ అమ్మే భాయ్.

"అవ్ భాయ్, బేగంపేటల విమానం నాకోసమే ఆగింది."

పట్టీని బొటనవేలితో తడిమి, "కుట్టు మస్తు గట్టిగుంది బిడ్డా" అన్నాడు బాపు.

"టైమెంతైంది బాపూ?"

వాచీని ముక్కు దాకా తెచ్చుకున్నాడు, వెలుతురు వైపు తిప్పాడు. "నువ్వే చూస్కో, నాకేం తొందర" అన్నాడు.

సూదిలో దారం అమ్మ ఎందుకు ఎక్కిస్తోందో మనమెప్పుడూ అడగలేదన్నా.

వాచీ ప్రస్తుతానికి నా దగ్గరే ఉండనీ. సోమాజిగూడలో కంటి డాక్టర్ దగ్గర శనివారానికి పేరు రాయించాను. తన కోసమంటే బాపు రాడు. నాకే చూపు సరిగా లేదని, తోడు కావాలని చెప్పు. తెల్లారేసరికి బస్టాండులో ఉంటాడు.

నీ చెల్లె