స్టీరింగ్ ముందు కామాక్షి

మార్చి 3, సోమవారం
నన్ను చేసుకున్నందుకు చంద్రమౌళి ఎప్పుడైనా బాధపడ్డాడా? పద్దెనిమిదేళ్లుగా ఇదే ప్రశ్న. మేనమామ కూతురు కామాక్షి ఆయనకేనని చిన్నప్పుడే అనుకున్నారు. యూనివర్సిటీలో నన్ను చూసి ఆయన ఆ మాట దాటాడు.

ఇవాళ పోలీసు నోటీసు వచ్చింది. నా పేరు మీదే. కారు కొన్నప్పుడు ఈయన నక్షత్రానికి వాహనం అచ్చిరాదని సిద్ధాంతి చెబితే నా పేరుతో రిజిస్టర్ చేయించారు. డ్రైవింగ్ రాని ఓనర్ని నేను. గురువారం సాయంత్రం కృష్ణపట్నం రోడ్డులో ఆపమంటే మా కారు ఆగలేదట. హెబ్రోను అనే హోంగార్డు పక్కకు దూకి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. నడిపిందెవరో వారంలోగా నేను రాసివ్వాలి.

మార్చి 4
ఈయన్ని అడిగితే చెప్పేశాడు. నడిపింది కామాక్షి. మొగుడు పోయాక ముత్తుకూరులో కుట్టుషాపు పెట్టుకుంది, బండి నడపడం వస్తే పనికొస్తుందని నెలరోజులుగా నేర్పిస్తున్నాడట. లైసెన్సు లేదని బెదిరి ఆపకుండా పోనిచ్చింది. నా పేరు రాసెయ్ ఉషా, దాని పేరొద్దు అన్నాడు. ఫైన్ కట్టి బయటపడే రోజులు పోయాయి, చట్టం మారింది, పారిపోతే ఇప్పుడు జైలే అన్నాను. తెలుసన్నాడు.

తెలిసే అడిగాడు.

నేను నేర్పమన్నప్పుడు మాత్రం, నీకు భయమెక్కువ, నీకెందుకు అన్నాడు.

మార్చి 5
గేరు మార్చడం చెయ్యి మీద చెయ్యి వేసి చూపించాడా?

మార్చి 6
అత్తగారి ఫోన్. మొగుడు లేని ఆడకూతురు జైలుకు పోతే దాని బిడ్డకు సంబంధమొస్తదా, వాడంటే మగోడు, తట్టుకుంటాడు అంది. మీ కొడుకు పోతే నా గతేంది అత్తమ్మా అన్నాను. నీకేమ్మా, కాలేజీ ఉద్యోగముండాది గదా అంది!

నిజమే, ఉద్యోగముంది. చట్టం ముందు అందరూ సమానమని పిల్లలకు పాఠం చెప్పే ఉద్యోగం.

మార్చి 7
ఆసుపత్రికి వెళ్లాను. హెబ్రోను కట్టు చేతితోనే లేచి కూర్చున్నాడు. లైట్లు కళ్లల్లో కొట్టినయ్ మేడమ్, ఎవురో చూళ్ళా, మీరేం రాస్తే అదే అన్నాడు. ఆపుంటే నాలుగు తిట్టి పంపించేవోళ్లం గదా, ఎందుకట్టా పారిపోయినారు అని నన్నే అడిగాడు. తీసుకెళ్లిన బత్తాయిలు అక్కడ పెట్టి వచ్చేశాను.

ఈయన జైల్లో కూర్చుని ఆమెను తలుచుకోవడం ఊహించుకున్నాను. దారంతా అదే.

మార్చి 9, ఆదివారం
కామాక్షి పేరు రాశాను. ఒక్క కొట్టివేత కూడా లేదు. అదే నాకు నచ్చలేదు. స్టేషన్లో ఇచ్చి వచ్చి చెప్పాను. ఆయన ముద్ద కంచంలో వదిలేసి, చెయ్యి కడుక్కుని, ముత్తుకూరు వెళ్లాడు.

మార్చి 11
కామాక్షి ఫోన్ చేసింది. మంచి పనే చేసినావక్కా, నేనే పోయి చెప్తానంటే బావ ఒట్టేయించుకున్నాడు అంది. తిట్టి ఉంటే బాగుండేది.

రాసింది అబద్ధం కాదు. ఆ సీట్లో ఇంకెవరున్నా రాసేదాన్నా, నోరు మూసుకునేదాన్నా, తేల్చుకోలేకపోతున్నాను.