ఎర్రమట్టి పూసిన గోడలు

గోడల సోకు తీరని పోతయ్య బావకు, నీ పెళ్లాం అన్న నమస్కారం పెట్టకుండానే రాసేది.

దోమల మందు కొట్టేవాళ్లు మీ ఇంటి గోడలకు మందు కొట్టిపోతే, తెల్ల మరకలు పడ్డాయని, కొత్త పంట తినే కొత్తల పండుగకు ఇల్లు బాగుండదని ఎర్రమట్టి తెచ్చి నున్నగా పూశావట. మందు మట్టి కింద, దోమలు మట్టి మీద! కొత్త అల్లుడికి కూడా ఎవరూ అంత మర్యాద చెయ్యరు.

ఇప్పుడు మా చెల్లె కన్నమ్మ కడుపుతో ఉండి చలిజ్వరానికి మంచం ఊగేలా వణుకుతోంది. ఆశా వర్కరు వేలు గుచ్చి చూసి, మలేరియా, జల్దీ దవాఖానాకు తీసుకుపొమ్మంది. నువ్వేమన్నావు? "పండుగ కాకముందు కడుపుతోనున్నది పొలిమేర దాటొద్దు. గిసొంటి చలి గదే పోతది." ఆహా! ఈ డాక్టరు చదువు ఏ తాటిచెట్టెక్కి చదివావు బావా?

నిన్ను బతిమాలే ఓపిక నాకు లేదు. అందుకే ఈ ఉత్తరం కల్లు తాగేకాడ నీ చేతికివ్వమని పంపాను. నువ్వు కూడబలుక్కుంటూ ఇంతదాకా చదివేసరికి నేను కన్నమ్మను జీపెక్కించుకుని దుమ్ముగూడెం దవాఖానాలో ఉంటాను. "ఆయనకు చెప్పకుంట ఎట్ల పోవుడన్నా?" అని ఏడుస్తుంది, నాకు తెలుసు. "ఉత్తరం రాసిన, నడువే" అంటాను.

రావాలనుకుంటే దాని దుప్పటి పట్టుకుని రా. తిట్టడానికైతే రాకు, అక్కడ జ్వరమొచ్చినవాళ్లు పడుకుని ఉంటారు.