గరిక ఉద్యోగం

ఆగస్టు 3, ఆదివారం

ఈ వేళ నా అంత అదృష్టవంతుడు రాజోలు తాలూకా మొత్తంలో లేడు. నా కూతురు వీరవేణి ఏటి అవతల కొత్త రిసార్టులో ఉద్యోగంలో చేరి, మొదటిసారి ఇంటికొచ్చింది. అక్కడి గోల్ఫ్ గ్రౌండు గడ్డంతా దాని చేతిలోనే. టర్ఫ్ సూపర్‌వైజర్! ఈ మాట నోరు తిరగడానికి నాకు మధ్యాహ్నం దాకా పట్టింది. ఇప్పటికి టెంపరరీ. చలికాలం సీజనుకి గడ్డి నిలబడితే పర్మినెంట్ చేస్తారట.

ఏం గడ్డి అమ్మా అంటే బెర్ముడా అంది. ఏ దేశం నుంచి తెచ్చారో అనుకున్నాను. సంచిలోంచి ఒక తీగ తీసి నా అరచేతిలో పెట్టింది. గరిక! మన గరికే! జీవితమంతా వరిచేల గట్ల మీద నేను పీకి పారేసిన గరిక! నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళొచ్చాయి. ఏరు దాటించే పంటు నడిపే సత్తిబాబుకి చెబితే, తమరు పారేసిందే అమ్మాయిగారు ఏరుకుని జీతం తెచ్చుకుంటున్నారండీ బాబాయ్ గారూ అన్నాడు. అననీ. మా ఆవిడ సూర్యావతి బతికుంటే ఊరంతా తిరిగి చెప్పేది. ఆ పనీ నేనే చేశాను.

ఆగస్టు 17

ఆదివారమైనా వేణి రాలేదు. వానలకి గడ్డికి ఫంగస్ పట్టిందట. పొద్దున్నే లేచి గడ్డి మీద తడిని పొడవాటి వెదురుకర్రతో దులపాలట. చంటిపిల్లకి తల తుడిచినట్టు. ఎంత ఓపిక నా తల్లికి! చేపల పులుసు పెట్టాను. రెండు పూటలా నేనే తిన్నాను.

ఆగస్టు 27, వినాయక చవితి

గ్రౌండు అంచున పెరిగిన గరిక పూజకని పంటు మీద పంపింది. తాను రాలేదు. సగం స్వామికి పెట్టాను. సగం దాచుకున్నాను.

సెప్టెంబరు 14

వాన. వరికి మంచిది. గ్రౌండుకి కాదు. ఏమని మొక్కాలో తెలియలేదు.

అక్టోబరు 30

తుఫాను తీరం దాటింది. వేణి ఫోన్ కలవడం లేదు. పెరట్లో కొబ్బరిచెట్టు పడింది. దాని సంగతి తర్వాత.

నవంబరు 1

ఫోన్ కలిసింది. బతికాను. సముద్రం ఏట్లోకి పోటెత్తి, గ్రౌండు మీద ఉప్పునీరు నిలిచిపోయిందట. గడ్డంతా మాడిపోయిందట. యజమానులు వచ్చేలోగా పచ్చదనం కనపడకపోతే గ్రౌండు మూసేస్తారు, నువ్వు ఇంటికెళ్ళిపోవచ్చమ్మా అన్నారట మేనేజరు శివశంకర్ గారు. చెబుతూ ఏడ్చింది. ధైర్యం చెప్పాను. ఫోన్ పెట్టేసి, దాని మంచం మీద దుప్పటి మార్చాను. మార్చాక కూర్చుని నన్ను నేనే తిట్టుకున్నాను.

నవంబరు 7

ఉండబట్టలేక క్యారేజీ పట్టుకుని వెళ్ళాను. ఎటు చూసినా చచ్చి తెల్లబడిన గడ్డే. మంచినీళ్ళు పెట్టి ఉప్పు కడుగుతున్నారు. వేణి అన్నం తింటుంటే నేను అటూ ఇటూ తిరిగాను. ఒకచోట బురదలో పచ్చగా నాలుగు మొలకలు కనిపించాయి. చెయ్యి దానంతటదే వెళ్ళింది. వేళ్ళతో సహా పీకి, మట్టి దులిపి, గట్టవతల పారేశాను.

మేనేజరుగారికి చూపించాలని వేణి పొద్దున్నే చూసి పెట్టుకున్న మొలకలు అవే. ఎంత పని చేసేవు నాన్నా అంటూ అక్కడే కూలబడింది. ఆయనేమో అల్లంత దూరంలో వస్తూనే ఉన్నారు. భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

వేణి నా మట్టిచేతి వంక చూసింది. నాన్నా, మన గట్టు మీద ఇన్నేళ్ళు పీకేవు కదా, ఎప్పుడైనా పోయిందా అంది. పోవడమా! పీకిన చోటే ఇంకా గుబురుగా లేచేది, దాని దుంప తెగ అన్నాను. ఆ మాటే మేనేజరుగారి ముందు నాచేత మళ్ళీ అనిపించింది. ఆయన నవ్వాపుకోలేక, ఆయ్, ఇంకో వారం చూద్దామండీ అన్నారు.

నవంబరు 15

వచ్చేసింది! పచ్చగా వచ్చేసింది! వేణి ఫోటో పంపింది. నేను పీకిన చోటే ముందు లేచిందట. నిజమో, నన్ను ఏడిపించడమో! ఉద్యోగం పర్మినెంటు. అక్కడే క్వార్టర్సు. ఆత్రేయపురం పూతరేకులు తెప్పించి రేవులో అందరికీ పంచాను. చలికాలమంతా ఆటగాళ్ళ సీజనట, ఆదివారాలైతే మరీనట. ఇక రావడం కుదరదు నాన్నా అంది. గడ్డి జాగ్రత్తమ్మా అన్నాను. దుప్పటి మడిచి పెట్టెలో పెట్టాను.

నవంబరు 23, ఆదివారం

పెరట్లో గరిక పీకలేదు. వెదురుకర్రతో మంచు దులిపి, కత్తెరతో సమంగా కత్తిరించాను.