బాపును అడగకుండా రాసిన వ్యాసం

12 జూన్ 1992, శుక్రవారం

మిల్లులో ఇంజినీరు ఉద్యోగం మానేశానని ఈరోజు బాపుకు చెప్పాను. ఒక వ్యాసం రాసి పంపితే పుణెలో ఎకనామిక్స్ ఎం.ఏ. సీటు వచ్చిందనీ, మనుషులు లాభాన్ని కూడా ఎందుకు వద్దనుకుంటారో చదువుతాననీ అన్నాను.

బాపు మగ్గం ఆపాడు. "గది నన్నడిగితే చెప్పకపోదునా? మనముండే భవాని పేట్ల అందరు పవర్‌లూమ్ పెట్టిన్రు. ఆ చప్పుడుకు మీ అమ్మ తల పగిలిపోతదని నేను నక్కో, మనకొద్దు అన్న. గంతే."

దరఖాస్తుతో పంపిన వ్యాసంలో నేను రాసింది బాపు గురించే. కొత్తదానికి భయపడి చేతిమగ్గం వదలని మనిషి అని రాశాను. అది నచ్చే సీటిచ్చారు. ఒక్కసారి ఆయన్ని అడిగి ఉంటే...

"నా గురించి ఏమన్న రాసినవా?" అని బాపు నవ్వుతూ అడిగాడు.

లేదన్నాను. పాపం, కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.