తప్పు జవాబు తర్వాతి మౌనం

అక్టోబర్ 7, సోమవారం

కొత్త ఉద్యోగం, మొదటి రోజు. పరువంతా పోయింది.

పిల్లలకి ఆన్‌లైన్ కోర్సులు అమ్మే కంపెనీ. పెద్ద హాలు, వరసగా టేబుళ్ళు, అందరి చెవులకీ హెడ్‌ఫోన్లు. ఎవరైనా ఒక కోర్సు అమ్మగానే లేచి వెళ్ళి గోడకున్న ఇత్తడి గంట కొట్టాలట. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. గంట గణగణా మోగింది. పంతొమ్మిదేళ్ళ టీచరు అలవాటు, ఊరికే పోతుందా? పుస్తకం, పెన్ను చేత్తో పట్టుకుని లేచి గుమ్మం దాకా వెళ్ళిపోయాను, తర్వాతి పీరియడ్ ఏ క్లాసో గుర్తు చేసుకుంటూ. హాలంతా చప్పట్లు. అవి అమ్మినవాడికని తెలియడానికి కాస్త టైం పట్టింది.

టీం లీడర్ నవ్వాపుకుంటూ వచ్చి, కూర్చోండి మేడమ్, ఇక్కడ పీరియడ్లుండవు అన్నాడు. నా మొదటి బ్యాచ్ పిల్లలకంటే చిన్నవాడు. అన్నిటికీ తొందరే. తొందరయ్య అని పేరు పెట్టాను, మనసులో.

అక్టోబర్ 8

స్కూల్ వదిలేశానని అందరికీ చెప్తున్నాను. స్కూలే నన్ను వదిలేసింది. లెక్కలు ఇకమీదట స్క్రీన్ మీదే చెప్తారట. క్లాసులో గోల చేయకుండా చూడ్డానికి ఒక మనిషుంటే చాలట, ఆ మనిషికి లెక్కలు రాకపోయినా పర్వాలేదట. పొమ్మనలేక పొగబెట్టారు. నేనే రిజైన్ లెటర్ మొహాన కొట్టి వచ్చేశాను. పౌరుషం! పౌరుషం కడుపు నింపుతుందా?

మా ఆయన ఎలక్ట్రీషియన్. నిచ్చెన మీంచి పడ్డ దగ్గర్నుంచీ నడుం లేవట్లేదు. మళ్ళీ నిచ్చెనెక్కితే ఈసారి కాళ్ళే పోతాయన్నాడు డాక్టరు. ఇంట్లో సంపాదించే చెయ్యి నాదొక్కటే. నెలాఖరుకి మూడు కోర్సులు అమ్మితే ఉద్యోగం కన్ఫర్మ్ చేస్తారు. లేకపోతే ఇంటికే.

అక్టోబర్ 11

పని నేర్పుతున్నారు. నేర్పించడం అనే మాట ఇక్కడ వాడాలంటే సిగ్గేస్తోంది.

ఫ్రీ టెస్ట్ అని చెప్పి పిల్లని వీడియో కాల్‌లో కూర్చోబెట్టాలి. పక్కన తల్లో తండ్రో ఉండి తీరాలి. మొదటి రెండు ప్రశ్నలూ తేలిక. పిల్ల నవ్వుతుంది, తల్లి మురుస్తుంది. మూడోది రెండు క్లాసులు పైనుంచి తెచ్చిన ప్రశ్న. ఆ ముక్క తల్లికి చెప్పకూడదు. తెర మూల టైం చూపించే ఎర్రంకెలు తగ్గుతుంటాయి. పిల్ల తప్పు చెప్తుంది. అసలు పని అప్పుడు మొదలవుతుందట. ఏమీ మాట్లాడకూడదు. నోరు మూసుకుని కూర్చోవాలి. తల్లి పిల్ల మొహం చూడాలి, మన మొహం చూడాలి, చివరికి తనే అడగాలి. అడిగాక నెమ్మదిగా, విచారంగా, బేసిక్స్ లేవండీ అనాలి.

ప్రశ్న అడిగి నోరు మూసుకోవడం నాకు కొత్తా? టీచర్‌కి అన్నిటికంటే ఆలస్యంగా వచ్చే విద్య అదే. పిల్ల కళ్ళు సీలింగ్ వైపు వెళ్తాయి, పెదాలు కదులుతాయి, ఎక్కడో లోపల జవాబు బయల్దేరుతుంది. అది పైకొచ్చేదాకా ఆగాలి. నేనూ అలాగే ఆగేదాన్ని. ఇక్కడ అదే మౌనం తల్లి గుండె జారడానికి.

అక్టోబర్ 16

ఇవాళ ఒక పిల్ల మూడో ప్రశ్న దగ్గర పెదవి కొరుక్కుంటూ కూర్చుంది. నేనూ మౌనంగానే ఉన్నాను. ఉన్నాననుకున్నాను. నోరు దానంతటదే వాగింది. రొట్టెని నాలుగు ముక్కలు చేసి మూడు నీకిస్తే ఎంత మిగుల్తుందమ్మా అని. అంతే, పిల్ల పట్టేసుకుంది. కుర్చీలో ఎగిరింది. వాళ్ళమ్మకి ఎంత సంతోషమో. వంద దండాలు పెట్టింది. పెట్టి, వచ్చేసిందిగా మేడమ్, ఇంక కోర్సెందుకు అంది.

తొందరయ్య రికార్డింగ్ విన్నాడు. మందుల షాపులో కూర్చుని చేత్తో నిమిరి జ్వరం తగ్గిస్తే మందులెవరు కొంటారు మేడమ్ అన్నాడు. వెధవ మాటకారి. పక్క సీటావిడ పడీ పడీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. బాత్రూంలోకి వెళ్ళాక ఏడుపొచ్చింది.

అక్టోబర్ 17

మళ్ళీ అదే చేశాను. నా బుద్ధి గడ్డి తింది.

అక్టోబర్ 20, ఆదివారం

చెల్లి కూతురు వచ్చింది. ఆదివారం లెక్కలు నా దగ్గరే, బడిలో వేసినప్పటి నుంచీ. బారెడు జడ, మూరెడు మనిషి. బుడంకాయ అంటే ఉడుక్కుంటుంది, అందుకే అంటాను.

మా ఇద్దరికీ ఒక గుర్తుంది. అది దారి తప్పితే నేను మాట్లాడను, నా చెవి తమ్మె పట్టుకుంటాను. మళ్ళీ చూడవే అని అర్థం. అది కళ్ళెత్తి నన్ను చూస్తుంది, నాలుక బయటపెట్టి రాసింది కొట్టేస్తుంది, మళ్ళీ వేస్తుంది. తప్పంటే దానికి భయం లేదు. పంతొమ్మిదేళ్ళలో నేను చేసిన గొప్ప పని ఇదేనేమో.

పెద్దమ్మా, నీ కొత్త బడిలో పిల్లలెంతమంది అని అడిగింది. చాలామందే అన్నాను.

అక్టోబర్ 25

రెండు పడ్డాయి! చావుతప్పి కన్ను లొట్టపోయినట్టు.

మొదటిది ఒక తాతగారు. మీరే చెప్తారుగా తల్లీ అని కొన్నాడు. అందరూ అలాగే అనుకుంటారు, కాదనకూడదని రూల్. కాదనలేదు. రెండోదానికి మాత్రం నాలుక కరుచుకుని కూర్చున్నాను. పాప ఏడ్చేసింది. వాళ్ళ నాన్న అక్కడికక్కడే కొన్నాడు. గంట కొట్టాను. బాగానే మోగింది.

ఇంట్లో చెప్తే ఆయన మొహం వెలిగింది. పాప ఏడ్చిన సంగతి చెప్పలేదు.

అక్టోబర్ 29

ఇంకొక్కటి. ఒక్కటే. ఫోన్లెవరూ ఎత్తట్లేదు.

మనవాళ్ళెవరూ లేరా మేడమ్ అని తొందరయ్య అడిగాడు. అందరూ ఇంటివాళ్ళతోనే మొదలెడతారట. పక్క సీటావిడ సొంత ఆడపడుచుకి అమ్మిందట, ఇప్పటికీ పండక్కి పిలుస్తోందట. చదువుకునే పిల్లలు మా ఇంట్లో లేరన్నాను.

అక్టోబర్ 31, ఉదయం 7

కన్ఫర్మ్ కాకపోతే బెంగపడకు, నేనే నిచ్చెనెక్కుతాను అన్నాడాయన. అని మంచం దిగడానికి నా చెయ్యి అడిగాడు.

అక్టోబర్ 31, సాయంత్రం 6

రాయాలి. రాయకపోతే రేపటికి ఇది జరగలేదని నాకు నేనే చెప్పుకుంటాను.

నాలుగింటి దాకా ఒక్కరూ దొరకలేదు. తొందరయ్య నా కుర్చీ వెనకే తచ్చాడుతున్నాడు. చెల్లికి ఫోన్ చేశాను. ఊరికే ఒక టెస్టే, బుడంకాయని కూర్చోబెట్టు అన్నాను. అక్క అడిగితే కాదంటుందా పిచ్చిది? పనిలోంచి అప్పుడే వచ్చిందట, చెప్పులు కూడా విప్పలేదట.

తెర మీద బుడంకాయ. నన్ను చూసి చేతులూపింది. మొదటి రెండూ ఊదేసింది. మూడోది వచ్చింది. చదివింది. మళ్ళీ చదివింది. ఏదో ఒకటి చెప్పింది. చెప్పి, అలవాటుగా కళ్ళెత్తి నా చెవి వైపు చూసింది.

నా చెయ్యి లేచింది. ఒట్టు, నేను లేపలేదు, అదే లేచింది. వెళ్ళి హెడ్‌ఫోన్‌కి తగిలింది. బుడంకాయ చూసేలోపు కెమెరా ఆపేశాను.

ఆపి, మౌనంగా ఉన్నాను. చాలా బాగా ఉన్నాను. ఎవరూ తప్పు పట్టలేరు. హెడ్‌ఫోన్‌లో దాని ఊపిరి వినిపిస్తోంది. పెద్దమ్మ కనపడట్లేదమ్మా అంది ఒకసారి. ఎర్రంకెలు సున్నాకొచ్చాయి. అప్పుడు చెల్లి, సన్నగా, ఏంటక్కా, రాదా దానికి అంది.

బేసిక్స్ లేవే అన్నాను.

ఎంత సులువుగా వచ్చిందో మాట. చెల్లి ఇంకేమీ అడగలేదు. డబ్బు కట్టడానికి ఎక్కడ నొక్కాలో చెప్పు అంది, నొక్కింది. వెళ్ళి గంట కొట్టండి మేడమ్ అని తొందరయ్య నా భుజం తట్టాడు. కొట్టాను. చప్పట్లు కొట్టారు. కాల్ కట్ చేయడం మర్చిపోయానని సీటుకొచ్చాక చూశాను. తెర మీద అటువైపు ఖాళీ కుర్చీ.

నవంబర్ 1

కన్ఫర్మ్ చేశారు. ఆయన గోడ పట్టుకుని వంటింటిదాకా నడిచొచ్చి టీ పెట్టాడు నాకోసం. తాగాను.

నవంబర్ 2

చెల్లి వచ్చింది. కోర్సు గురించి కాదు. ఇన్నేళ్ళూ ప్రతి ఆదివారం నీ దగ్గరే కూర్చుంది కదక్కా, దానికేమీ రాదని నాకొక్కసారైనా చెప్పలేదేం అంది. కోపంగా కూడా అనలేదు. నువ్వు బాధపడతావని అన్నాను. నా రెండు చేతులూ పట్టుకుంది. పోన్లే, ఇప్పటికైనా చెప్పావు, నువ్వు కాబట్టి చెప్పావు అంది.

నిజం చెప్పాలంటే ఒక్క ముక్క. ఆ ప్రశ్న దాని క్లాసుది కాదే. అంతే. చెప్తే కోర్సు వెనక్కిచ్చేస్తుంది, నా ఉద్యోగం పోతుంది, ఆయన నిచ్చెన దగ్గరికి పోతాడు. ఎన్నిసార్లు వేసినా అదే జవాబొస్తోంది. చెల్లి మెట్లు దిగేదాకా తలుపు దగ్గర నిలబడి ఆ ముక్క నోట్లోనే పెట్టుకున్నాను.

నవంబర్ 3, ఆదివారం

బుడంకాయ రాలేదు.

నవంబర్ 10, ఆదివారం

రాలేదు. చెల్లి ఫోన్ చేసింది. ఏడూ అయిదూ కూడాలన్నా ఇప్పుడు టేబుల్ కింద చేతులు దాచుకుని వేళ్ళు లెక్కపెడుతోందట. పెద్దమ్మకి చెప్పొద్దని ఒట్టు వేయించుకుందట.

పొద్దుటినుంచీ అద్దం ముందు నిలబడి ఉన్నాను, చెవి తమ్మె పట్టుకుని.