కొండ పొట్టేలుకి కట్టని కంబళి

పట్నం, ఫిబ్రవరి 3

ప్రియమైన సేల్‌ఖాన్ బాబాయ్‌కి,

దామిర్ సలాములు. ఆకురాలే కాలంలో దక్షిణపు వాలుమీద అడవి గొర్రెలకు నేను బార్లీ చల్లుతుంటే మీరు నవ్వారు. మా అచ్చుకూటంలో వేసిన గొర్రెల పెంపకం కరపత్రంలో స్పష్టంగా ఉంది: కడుపునిండా తిన్న తల్లి తప్పకుండా చూడి కడుతుంది, కవలల్ని కూడా ఈనుతుంది. మందలో పదకొండు ఆడవే మిగిలాయి. తుపాకులతో వాటిని ఆ గతికి తెచ్చింది మన ఊరే. మనం కాక ఇంకెవరు ఆదుకుంటారు? ఎన్ని చూడితో ఉన్నాయో చూసి వెంటనే రాయండి. ఇక్కడ అచ్చుకూటంలో ఉన్నానన్న మాటేగాని నా మనసంతా ఆ వాలుమీదే ఉంది.

మీ దామిర్

ఊరు, ఫిబ్రవరి 20

దామిర్‌కి దీవెనలు.

పదకొండూ చూడితోనే ఉన్నాయి. గంతులెయ్యకు. పొట్టలు అప్పుడే కిందికి జారాయి. మనూళ్లో పసిపిల్లలకి తెలిసింది నీ కరపత్రానికి తెలీలేదురా. బాగా మేసిన గొర్రె ముందే ఎదకొస్తుంది. పిల్లలు మంచులో పడకూడదనే కదా, మన పొట్టేళ్లకి పొట్టకింద కంబళి ముక్క కట్టి నవంబరు దాకా దాటకుండా ఆపుతాం? మరి కొండ పొట్టేలుకి ఎవరు కట్టారు, మీ అచ్చుకూటం మేనేజరా? ఇవి మార్చి ఆఖరుకే ఈనేస్తాయి. అప్పటికి మోకాలి లోతు మంచుంటుంది.

నీ బాబాయి

పట్నం, మార్చి 9

బాబాయ్,

కోపం వచ్చింది, మీమీదే. తెలిసుండీ ఎందుకు ఆపలేదు? తర్వాత గుర్తొచ్చింది, మీరు నోరు తెరవబోతే అవి చదువురానివాళ్ల మాటలని కొట్టిపారేశాను. పచ్చిక లేకుండా తల్లికి పాలెక్కడివి? బార్లీ బస్తాలతో శనివారం బయల్దేరుతున్నాను.

దామిర్

పట్నం, మార్చి 29

బాబాయ్,

కొండ కనుమ మంచుతో మూసుకుపోయిందని బస్సును సగం దారిలోనే తిప్పేశారు. మీ జవాబు లేదు. ఎన్ని చచ్చాయో అదైనా రాయండి.

దామిర్

ఊరు, ఏప్రిల్ 6

దామిర్‌కి,

శుభవార్త చెప్పినవాడికి కానుక ముట్టాలి, సిద్ధంగా ఉండు. ఇది సగమే శుభం. పదకొండు తల్లులకి పద్నాలుగు పిల్లలు. కవలల మాట నీ కరపత్రం అబద్ధమాడలేదు. మంచు తుపానుకి పోయిన ఆరూ ఆ కవలలే.

ఎనిమిది బతికాయి. మంచు ముందుగా కరిగి పచ్చిక మొలిచేది దక్షిణపు వాలులోనే. ఏటా ఈ రోజుల్లో మన మంద మేసేది అక్కడే. ఈసారి తోలనివ్వలేదు. కంబళి పుణ్యమా అని మనవి ఈనడానికి ఇంకా పది రోజులుంది, అందాకా ఎండుగడ్డి చాలన్నాను. ఊరంతా తిట్టింది.

నువ్వడిగినదానికి జవాబు. ఆపగలిగేవాణ్ణే. నీకు బుద్ధి రానీ అని చూస్తూ కూర్చున్నాను. ఆ ఆరింటిలో మూడింటి పాపం నాది.

ఇక నా కానుక. వచ్చే మార్చికి ముందే రా, గింజలు తేకు. ఆ వాలుమీదికి మన మంద ఎక్కకుండా నువ్వే అడ్డం నిలబడాలి. నీ కోపం అప్పుడు పనికొస్తుంది.

నీ బాబాయి