లేహ్యంలో ఎనిమిదో దినుసు

పాపటోయిటోయి,
మార్చి 3.

చిరంజీవి నిరుపమకు పెద్దమ్మ దీవెనలు. ఇక్కడ నా మోకాళ్ళు తప్ప అందరం బాగున్నాం.

శనివారం నీ ఫుట్‌బాల్ ఆట టీవీలో చూశాను. రెండు గోల్స్ కొట్టావు. వెంటనే దిష్టి తీశాను. నువ్వేమో వెల్లింగ్టన్‌లో ఉన్నావు, అందుకని టీవీకే తీశాను. ఒక్కమాట చెప్తాను, ఏమీ అనుకోకు. వెనకాల పిల్లలు చెమటలు కక్కుతూ పరిగెడుతుంటే నువ్వు అవతలివాళ్ళ గోల్ దగ్గరే నిలబడి ఎదురుచూస్తావేం? ఫార్వర్డ్ పని అదేనని మీ అన్నయ్య మధుబాబు అంటాడు. అయినా చూసేవాళ్ళకి బాగుండదు. అప్పుడప్పుడు వెనక్కి వెళ్ళి వాళ్ళకీ ఓ కాలు వెయ్యి.

నేను పంపిన లేహ్యం తింటున్నావా? రోజూ పొద్దున్నే ఉసిరికాయంత తినాలి. ఆపరేషన్ అయిన మోకాలికి అదే మందు. అందులో ఏముందని మాత్రం అడక్కు. మా అత్తగారు పెద్దకోడలినని నాకొక్కదానికే చెప్పి పోయింది. శాండ్రింగ్‌హామ్ రాజేశ్వరమ్మ ఆరేళ్ళుగా నా చుట్టూ తిరుగుతోంది. నా దగ్గర ఒక్క ముక్క రాబట్టలేకపోయింది.

నీ మేలు కోరే పెద్దమ్మ,
అనంతలక్ష్మి.

తా.క.: రిఫరీ నీకు పసుపు కార్డు చూపిస్తే శుభమే కదా అని దణ్ణం పెట్టుకున్నాను. కాదని మధుబాబు తర్వాత చెప్పాడు. అప్పటికే పాయసం వండేశాను.

*

వెల్లింగ్టన్,
మార్చి 7.

పెద్దమ్మకు నిరు నమస్కారాలు.

నీకు మూడుసార్లు ఫోన్ చేశాను. లేహ్యం మాట ఎత్తగానే నీకు చెవులు వినబడటం మానేస్తాయి. "హలో, హలో" అని పెట్టేస్తావు. అందుకే ఈ ఉత్తరం కొరియర్‌లో పంపుతున్నాను. దీనికి చెవులతో పని లేదు.

శనివారం ఆట అయ్యాక నన్ను డోపింగ్ పరీక్షకి పిలిచారు. కంగారుపడకు, చీటీ తీసినట్టు ఎవరినైనా పిలుస్తారు. శాంపిల్ ఇచ్చి, ఆ వారంలో తిన్న మందులన్నీ ఫారంలో రాయాలి. నేను దాచకుండా "మా పెద్దమ్మ లేహ్యం" అని రాశాను. అందులో ఏముందని ఆఫీసర్ హెలెన్ అడిగింది. తెలీదన్నాను. తెలియనిది ఎలా తిన్నావంది. పెద్దమ్మ పెట్టింది కాబట్టి తిన్నానన్నాను. ఆ జవాబుకి వాళ్ళ ఫారంలో గడి లేదు.

ఇది నవ్వులాట కాదు పెద్దమ్మా. నిషేధించిన పదార్థం ఒంట్లో దొరికితే, తెలిసి తిన్నా తెలియక తిన్నా, నాలుగేళ్ళ వరకూ ఆట నుంచి తీసెయ్యొచ్చు. నాకిప్పుడు ఇరవై ఆరు. ఈ నెల 27న నేషనల్ టీమ్ ప్రకటిస్తారు. ఈసారి నా పేరు ఉంటుందని మా కోచ్ ట్రేసీ చెప్పింది. లేహ్యంలో వేసినవన్నీ నీ చేత్తో రాసి, సంతకం పెట్టి, 14లోగా పంపు.

ప్రేమతో,
నిరు.

తా.క.: డునెడిన్‌లో అమ్మకి చెప్పకు. తను నర్సు. ఆ సీసా మూత తియ్యొద్దని మొదటే చెప్పింది.

*

పాపటోయిటోయి,
మార్చి 10.

చిరంజీవి నిరుపమకు దీవెనలు. పెద్దమ్మ ఆరోగ్యంగానే ఉంది గానీ మనసు బాగాలేదు.

నా లేహ్యం మీద ఎంక్వయిరీనా? నలభై ఏళ్ళలో ఎంతమంది బాలింతలు తిని లేచి తిరిగారో ఆ హెలెన్‌కి తెలుసా? సరే, నీ కోసం రాస్తున్నాను: శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము, జీలకర్ర, బెల్లం, నెయ్యి. ఏడు. ఎనిమిదోది చెప్పను. ఈ వేళ ఆఫీసుకి చెప్తే రేపు పేపర్లో వస్తుంది, ఎల్లుండి రాజేశ్వరమ్మ ఇంట్లో పొయ్యి మీద ఉంటుంది.

అయినా అనుమానం వచ్చినవాళ్ళు తిని చూస్తే తీరిపోతుంది. మీ పెదనాన్న తాలూకాఫీసులో ముప్పై ఏళ్ళు చేశారు. కాగితం కదలాలంటే ముందు మనిషిని పలకరించాలనేవారు. అందుకే ఆ హెలెన్ ఆఫీసు అడ్రసు కనుక్కుని ఒక సీసా లేహ్యం, ఒక డబ్బా జంతికలు పంపాను. పాపం, ఊరూరా శాంపిళ్ళు మోసుకుని తిరిగే ఉద్యోగం. వేళకి తింటుందో లేదో. పైన చీటీ కూడా పెట్టాను. నిరుపమ మంచి పిల్ల అని రాసి, కింద "ప్లీజ్ అడ్జస్ట్" అన్నాను. ఇంగ్లీషులో నేనే రాశాను, మధుబాబు సాయం లేకుండా.

ఇక నిశ్చింతగా ఆడుకో.

నీ పెద్దమ్మ,
అనంతలక్ష్మి.

తా.క.: జంతికల డబ్బా స్టీలుది. తిన్నాక కడిగి పంపమని ఆవిడకి చెప్పు.

*

వెల్లింగ్టన్,
మార్చి 13.

పెద్దమ్మకు,

ఏం పని చేశావు! నీ పార్సెల్‌ని హెలెన్ గ్లవ్స్ వేసుకుని విప్పింది. సీసాని సంచిలో పెట్టి సీలు వేసి ల్యాబ్‌కి పంపింది. జంతికలు కూడా వెళ్ళాయి. "ప్లీజ్ అడ్జస్ట్ అంటే దేన్ని అడ్జస్ట్ చెయ్యమని? రిపోర్టునా?" అని నన్ను కూర్చోబెట్టి అడిగారు. మా ఇళ్ళలో అది నమస్కారం లాంటిదని చెప్పాను. రాసుకున్నారు. ఎవరూ నవ్వలేదు.

ఈ ఆదివారం మ్యాచ్‌లో నన్ను ఆడించడం లేదు. విషయం తేలేదాకా పక్కన కూర్చోమని ట్రేసీ అంది. నా మంచికేనంది. లాకర్ గదిలో అందరూ నాతో మామూలుగానే మాట్లాడుతున్నారు, కాస్త ఎక్కువ మామూలుగా. అది నాకు తిట్టినదానికంటే కష్టంగా ఉంది.

ఏడు దినుసులు వాళ్ళకి అక్కర్లేదు. చెప్పనన్న ఎనిమిదోదే కావాలి. దాస్తున్నారంటే ఏదో ఉందనే కదా అర్థం? నాకూ భయంగా ఉంది. అది వేస్తే ముసలి గుర్రం కూడా రేసు గెలుస్తుందని దీపావళినాడు నువ్వు రాజేశ్వరమ్మ ఆంటీతో అన్నావు. నేను పక్కనే ఉన్నాను. అసలు ఏం వేశావు? గడువు 19కి పెంచారు. ఆ తర్వాత ఇంకో అవకాశం లేదు.

నిరు.

తా.క.: జంతికల్ని ల్యాబ్‌లో పొడి చేసి చూస్తారట. నీ జంతికలు రాళ్ళంత గట్టివని వాళ్ళని ముందే హెచ్చరించలేదు.

*

పాపటోయిటోయి,
మార్చి 16.

చిరంజీవి నిరుపమకు పెద్దమ్మ దీవెనలు.

ఆదివారం టీవీలో నిన్ను చూపించారు. కోటు వేసుకుని బెంచీ మీద కూర్చున్నావు. మీవాళ్ళు గోల్ పోగొట్టుకుంటే నువ్వు లేవబోయి మళ్ళీ కూర్చున్నావు. నేను టీవీ ఆపేశాను. అన్నం సయించలేదు.

అందుకని పట్టుదల వదిలేశాను. ఎనిమిదోది మధుబాబు జిమ్ డబ్బాలోంచి వేశాను. ఎయిర్‌పోర్టు గోడౌన్‌లో బరువులెత్తేది చాలదన్నట్టు వాడు జిమ్‌కి కూడా వెళ్తాడు కదా, ఆ పెద్ద నల్ల డబ్బా. రోజూ పాలల్లో కలుపుకుని తాగుతాడు. దాని మహిమేనని చలికాలంలో కూడా చేతులు మడిచి కండలు చూపిస్తూ తిరుగుతాడు. సీసాకి నాలుగు గరిటెలు వేశాను. ఇదే మాట వేరే కాగితం మీద రాసి సంతకం పెట్టాను.

ఆఫీసువాళ్ళు మన నోటిమాట నమ్మరు గానీ అచ్చులో ఉంటే నమ్ముతారు. అందుకే డబ్బా మీది లేబుల్ కత్తిరించి ఆ కాగితానికి అంటించాను. ఎన్ని పేర్లున్నాయనుకున్నావు, ఒక్కదానికీ నోరు తిరగదు. చూస్తేనే గొప్ప మందని తెలుస్తోంది. హెలెన్‌కే నేరుగా కొరియర్ చేశాను, నీకు శ్రమ లేకుండా.

ఇంకేం భయం లేదమ్మా.

నీ పెద్దమ్మ,
అనంతలక్ష్మి.

తా.క.: లేబుల్ సంగతి మధుబాబుకి తెలియనివ్వకు. ఎలక కొరికిందని చెప్పాను. ఎలక అంత తిన్నగా కత్తిరించిందా అంటున్నాడు.

*

వెల్లింగ్టన్,
మార్చి 19.

పెద్దమ్మా,

నువ్వు అంటించిన లేబుల్‌లో మూడో పేరు నిషేధించిన మందు. నాకు పెట్టావని నీ సంతకంతో నువ్వే రాసిచ్చావు.

నా శాంపిల్ రిపోర్టు ఇంకా రాలేదు. వచ్చినా రాకపోయినా ఆ కాగితం చాలు. 24న హెలెన్ మీ ఇంటికి వచ్చి నీ వాంగ్మూలం తీసుకుంటుంది. మధు అన్నయ్య నీ తెలుగుని ఇంగ్లీషులో చెప్పాలి. ఈసారి జంతికలు పెట్టకు. మంచినీళ్ళు కూడా అడిగితేనే ఇవ్వు.

మీ ఇంటి వెనక పార్కులో అన్నయ్య గోల్‌కీపర్‌గా నిలబడితే నేను కొట్టడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్ళు. మోకాలి లిగమెంట్ తెగి తొమ్మిది నెలలు మంచంలో ఉన్నప్పుడు ఇంక చాలు, చదువుకో అని అందరూ అన్నారు. నువ్వొక్కదానివే అనలేదు. మళ్ళీ నిలబడి ఈ సీజన్‌లో తొమ్మిది గోల్స్ కొట్టాను. ఇప్పుడు మందు తిని కొట్టిందంటారు. ఆ గోల్స్‌కి జనం వేసిన కేకలన్నీ వెనక్కి తీసుకుంటారు.

నాకు నీ మీద చాలా కోపంగా ఉంది. నువ్వు పంపావు కాబట్టే అడక్కుండా తిన్నాను. వేరే ఎవరిచ్చినా తినేదాన్ని కాదు.

నిరు.

తా.క. రాయడానికి ఏమీ లేదు.

*

పాపటోయిటోయి,
మార్చి 28.

చిరంజీవి నిరుపమకు, ముఖం చెల్లని పెద్దమ్మ దీవెనలు.

నిన్న జాబితా వచ్చింది. ఇరవై ముగ్గురిలో పంతొమ్మిదో పేరు నీది. మధుబాబు ఫోన్‌లో చూపిస్తే పది పేర్లు తప్పు చదివి నీది ఒక్కటీ సరిగ్గా చదివాను. కేసు మూసేశామన్నారు గానీ ఎలా తేలిందో ఎవరూ చెప్పలేదని, అన్నయ్యని అడిగితే ఫోన్ పెట్టేశాడని రాశావు. వాడు చెప్పడు. నేనే చెప్తాను.

24న హెలెన్ వచ్చి వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. మంచి పిల్ల. బొత్తిగా నవ్వదు. ఒక చేతిలో నా కాగితం, ఇంకో చేతిలో నీ శాంపిల్ రిపోర్టు. కాగితం ప్రకారం నువ్వు మందు తిన్నావు. రిపోర్టు ప్రకారం నీ ఒంట్లో దాని జాడ లేదు. రెండూ నిజం కావడానికి వీల్లేదు, మళ్ళీ పరీక్ష చెయ్యాలి, ఆరు వారాలు పడుతుంది, అప్పటిదాకా ఆట లేదు అంది. ఆరు వారాలంటే 27 దాటిపోతుంది.

మధుబాబు చేతులు మడుచుకుని నా పక్కన నిలబడ్డాడు. "అమ్మా, నిజం చెప్పు. నా డబ్బాలోంచే వేశావా?" అన్నాడు.

"డబ్బాలోంచే వేశాను. అబద్ధం ఎందుకు ఆడతాను? కానీ డబ్బాలో ఉన్నది నీ మందు కాదురా" అన్నాను.

ఆ పొడి మొదలుపెట్టిన కొత్తల్లో వాడికి చేతులు వణికేవి, గుండె దడదడా కొట్టుకునేది. చెప్తే వినలేదు. అందుకని పది నెలలుగా డబ్బా కొన్నప్పుడల్లా ఆ మందు చెత్తబుట్టలో పోసి, పుట్నాలపప్పు వేయించి, యాలకులు, కాస్త వెనీలా వేసి పొడి కొట్టి నింపుతున్నాను. వణుకు తగ్గింది. కండలూ వచ్చాయి. వాడు ఆ డబ్బా గొప్పతనం జిమ్‌లో అందరికీ చెప్పి నలుగురి చేత కొనిపించాడు కూడా.

"ఏమంటున్నారు మీ అమ్మగారు?" అని హెలెన్ అడిగింది. మళ్ళీ అడిగింది. మూడోసారి అడిగితే మధుబాబు మెల్లిగా చొక్కా చేతులు కిందికి దించుకుని, బల్ల వైపు చూస్తూ, రెండు ముక్కల్లో చెప్పాడు. హెలెన్ సీసా రిపోర్టు తీసి చూసింది. అందులో ల్యాబ్‌వాళ్ళు ముందే రాశారు, పప్పు పిండి అని. అప్పుడు నవ్వింది నిరూ. కళ్ళు తుడుచుకుని మరీ నవ్వింది. నా ముందే మీ ట్రేసీకి ఫోన్ చేసింది.

మొదటే ఎందుకు చెప్పలేదంటావు. మా అత్తగారి రహస్యం అదేనమ్మా, పుట్నాల పొడి. ఇంట్లో పదిహేనుమంది ఉండేవాళ్ళు, లేహ్యం చాలేది కాదు, అది కలిపి పెంచేది. రహస్యమంటే రాజేశ్వరమ్మ ఆరేళ్ళు తిరిగింది. పుట్నాల పొడి అంటే ఎవరు తిరుగుతారు? కొడుకు దగ్గర మాట పోతుందని, ఊళ్ళో పరువు పోతుందని, డబ్బా అన్నాను గానీ లోపలున్నది చెప్పలేదు. నీ పద్దెనిమిదేళ్ళ ఆటని నా పరువుతో తూచాను. తప్పు నాది. నీకు కోపం రావడం న్యాయమే. ఎన్నాళ్ళు కోప్పడతావో కోప్పడు, ఆట మాత్రం మానకు.

ఇక ఏమీ పంపను. పంపినా మీ అమ్మకి చూపించి పంపుతాను.

నిన్ను చూడాలని ఉన్న పెద్దమ్మ,
అనంతలక్ష్మి.

తా.క.: మధుబాబు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నిన్న డ్యూటీ నుంచి వచ్చి, వంటింటి గుమ్మంలో కాసేపు నిలబడి, "అమ్మా, ఆ పొడి అయిపోయింది. మళ్ళీ ఎప్పుడు వేయిస్తావు?" అన్నాడు. ఈసారి గాజు సీసాలో పోసిస్తానన్నాను. వద్దు, ఆ నల్ల డబ్బాలోనే పొయ్యమన్నాడు. జిమ్‌లో నలుగురూ చూస్తారట.